అమ్మమ్మగారి పెరట్లో ఏ చెట్టు ఏది, ఏది ఉంచాలి, ఏది తీయాలి?

మీరు అడిగినది క్లుప్తంగా ఇది: గుంటూరులో అమ్మమ్మగారి పాత ఇల్లు, దాని చుట్టూ పన్నెండు సెంట్ల పెరడు మీకు వచ్చాయి. ఉద్యోగం హైదరాబాదులో, శని ఆదివారాల్లోనే రాగలరు. సగం చెట్ల పేర్లు మీకు తెలియవు. కొన్ని ఎండిపోయినట్టు ఉన్నాయి. జేసీబీతో ఒక్క పూటలో చదును చేసి, కొత్త మొక్కలు పెట్టిస్తానని ఒకాయన బేరం మాట్లాడారు. ఒప్పుకోవాలా, వద్దా అని మీ సందేహం.

ఒప్పుకోవద్దు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఒక చలికాలం ఆ పెరడును కళ్లారా చూసేదాకా ఏ చెట్టు మొదలూ కదిలించకండి. వెంటనే తీయాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి కింద రాశాను. మిగతావన్నీ ఆగగలవు. విజయవాడ, గుంటూరు ఇళ్లలో పాత పెరళ్లను బాగుచేసే పనిలోనే చాలా ఏళ్లుగా ఉన్నాను. తొందరపడి కొట్టించి, వానలు పడ్డాక బాధపడినవాళ్లను చూశాను గానీ ఏడాది ఆగినందుకు నష్టపోయినవాళ్లను చూడలేదు.

మీరు ఏప్రిల్‌లో అడుగుతున్నారు. మన ప్రాంతంలో పెరటిని చూసి తీర్పు చెప్పడానికి ఇంతకంటే పనికిరాని నెల లేదు. సీతాఫలం ఈ రోజుల్లో ఆకంతా రాల్చి మోడుగా నిలబడుతుంది. పారిజాతం ఆకు పలచబడి, మిగిలింది పండుబారి కనిపిస్తుంది. పసుపు, కంద, ఫుట్‌బాల్ లిల్లీ వంటి దుంపజాతులు పైన ఆనవాలు లేకుండా నేలలోపల ఉంటాయి. జేసీబీ బొచ్చె ఒక్కసారి దిగితే అవన్నీ మట్టితోపాటు లారీ ఎక్కుతాయి. విజయవాడ పటమటలో ఒక ఇంట్లో సరిగ్గా ఇలాగే మే నెలలో నేల చదును చేయించారు. వాళ్ల నాయనమ్మ ఏళ్ల తరబడి పెంచిన ఆకుసంపెంగ బావి పక్కన ఉండేది. ఆ సమయంలో పువ్వు కనిపించక అడవితీగ అనుకున్నారు. తర్వాత నర్సరీలన్నీ తిరిగి చిన్న మొక్క తెచ్చుకున్నారు. అది పందిరికి అల్లుకుని పూయాలంటే ఎన్నేళ్లు పడుతుందో మీరే ఊహించండి.

ఎండిపోయినట్టున్న చెట్టు బతికి ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. చిటికెన వేలంత లావు కొమ్మ మీద గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే ప్రాణం ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ కొమ్మ పోయింది, చెట్టు పోయినట్టు కాదు. అక్కడినుంచి మాను వైపు జానెడు జానెడు దిగుతూ గీకి చూడండి. ఎక్కడ పచ్చదనం తగిలితే అక్కడిదాకా బతికి ఉన్నట్టు. మోడుగా ఉందని మీరు రాసిన గోడ పక్క చెట్టు సీతాఫలమే అయి ఉంటుంది. తొలకరికి ముందే చిగుళ్లు వేస్తుంది.

మొక్కల పేర్లు చెప్పే ఫోను యాప్ కంటే ముందు మనుషులను అడగండి. అమ్మమ్మగారికి నీళ్లు పోయడంలో సాయపడిన మనిషి, ఆ ఇంట్లో పూలు కోసుకువెళ్లిన ఎదురింటి పెద్దావిడ, దింపు కోసం కొబ్బరిచెట్టు ఎక్కిన ఆయన, వీళ్లకు తెలిసినంత ఆ పెరటి గురించి ఇంకెవరికీ తెలియదు. ఈ శనివారమే ఒక నోటు పుస్తకం పట్టుకుని వెళ్లి కూర్చోండి. ఏ చెట్టు ఎప్పుడు పూసేది, ఏ మామిడి ఊరగాయకు వాడేవారు, ఏది ఎవరి ఇంటినుంచి తెచ్చి నాటారు, అన్నీ రాసుకోండి. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక ఇంట్లో పనికిరాని గడ్డలని తవ్వి పారేయబోతుంటే పక్కింటి మామ్మగారు అడ్డుపడ్డారు. అవి ఫుట్‌బాల్ లిల్లీ గడ్డలు. మే నెలలో ఆ వరుస అంతా ఎర్రటి బంతులై విరిసింది. ఈ పని వాయిదా వేయవద్దు. చెట్లు ఆగుతాయి, ఆ వయసు మనుషులకు మనం గడువు పెట్టలేం.

యాప్‌లు చెడ్డవని కాదు. కుటుంబం ఏదో చెప్పడానికి బాగానే పనికొస్తాయి. కానీ మామిడిలో రసానికీ బంగినపల్లికీ తేడా ఆకు చూసి చెప్పలేవు. పువ్వూ కాయా లేని ఫోటోకు ఏదో ఒక పేరు తగిలిస్తాయి. ఫోటో తీసేటప్పుడు ఆకు ముందువైపు, వెనకవైపు, ఆకులు కొమ్మకు ఎదురెదురుగా ఉన్నాయా, ఒకటి విడిచి ఒకటి ఉన్నాయా తెలిసేలా ఒక రెమ్మ, బెరడు, అన్నీ విడివిడిగా తీయండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెడితే కొలత తెలుస్తుంది. యాప్ చెప్పిన పేరును నమ్మి ఏ కాయనూ, ఏ ఆకునూ నోట్లో పెట్టుకోవద్దు.

ఇక మీరు వర్ణించిన చెట్ల దగ్గరికి వస్తాను.

గేటు పక్కన గరుకు ఆకుల చెట్టు పారిజాతమే. ఆకు పైభాగాన్ని వేలితో రాస్తే గరుకు కాగితం తాకినట్టు ఉంటుంది. లేత కొమ్మను రెండు వేళ్ల మధ్య దొర్లించి చూడండి, గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది. ఈ రెండు గుర్తులూ ఉంటే ఇక అనుమానం అక్కరలేదు. వానలు ముదిరాక మొగ్గ తొడిగి, తెల్లవారేసరికి నారింజ కాడలతో పూలు రాలుస్తుంది. పెద్దగా సేవ అడగదు, కాని మాను మొదట్లో నీరు నిలిస్తే తట్టుకోలేదు.

కోస్తే పాలు కారే చెట్లు మూడున్నాయని, మూడూ ఒకటేనా అని అడిగారు. కావు. ఆకులు కొమ్మల చివర గుత్తులుగా చేరి, కాయలు మట్టిరంగులో ఉన్నది సపోటా. ఆకులు ఎదురెదురుగా నిగనిగలాడుతూ, తెల్లటి పూలున్నది నందివర్ధనం. సన్నటి పొడుగాటి ఆకులతో, పసుపురంగు గంటల్లాంటి పూలు, ఆకుపచ్చటి పలకల కాయలున్నది పచ్చగన్నేరు. పచ్చగన్నేరు విషం, గింజ మరీ విషం. మామూలు గన్నేరూ అంతే. దాని ఆకులు కణుపుకు మూడేసి చొప్పున ఉంటాయి, అదే గుర్తు. పూజకు పూలు కోసుకునే ఇళ్లలో ఈ రెండూ తరతరాలుగా ఉన్నవే కాబట్టి కంగారుపడి కొట్టించాల్సిన పని లేదు. కాని మీ ఇంటికి చిన్నపిల్లలు వస్తుంటే పచ్చగన్నేరు కాయలు రాలినవి రాలినట్టు ఏరి పారేయించండి, లేదా చెట్టునే తీయించండి. నేనైతే పిల్లలున్న ఇంట్లో తీయిస్తాను. కొమ్మలు కొట్టినప్పుడు ఆ రొట్ట ఆవులకు, మేకలకు అందకుండా చూడండి. పనివాళ్లు తెలియక మేత అనుకుని పట్టుకెళ్తారు. తగలబెట్టవద్దు కూడా, పొగ మంచిది కాదు.

బావి గట్టు దగ్గర కొక్కేలున్న తీగ. మీ ప్రశ్నలో నన్ను ఆపేసిన వాక్యం ఇదే. మెరిసే ముదురు ఆకులు, కాడ దగ్గర వంకర తిరిగిన గట్టి కొక్కెం, దాన్ని పట్టుకుని పైకి పాకిన తీగ, ఇవన్నీ ఆకుసంపెంగ లక్షణాలు. పువ్వు కూడా ఆ కొక్కెం దగ్గరే పూస్తుంది. మొదట ఆకుపచ్చగా ఉండి ఆకుల్లో కలిసిపోతుంది, పసుపు తిరిగాక గాని వాసన రాదు. అందుకే చూసినవాళ్లకు పూయని తీగలా అనిపిస్తుంది. సాయంత్రం పూట బావి దగ్గర పండిన పండు వాసన వస్తోందేమో చూడండి. వస్తే ఆకులు తొలగించి వెతకండి, దొరుకుతుంది. ఈ తీగను మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వకండి. పందిరి విరిగి ఉంటే తీగను కోయకుండా పందిరినే బాగుచేయించండి.

పొట్టి నిమ్మజాతి చెట్టుకు కింద ముళ్ల కొమ్మలు, పైన ముళ్లు తక్కువ కొమ్మలు ఉన్నాయన్నారు. అది బత్తాయి అంటుమొక్క. బత్తాయిని మన వైపు ఎక్కువగా రంగపూర్ నిమ్మ వేరుమూలం (కింద వేళ్లనిచ్చే మొక్క) మీద అంటుకడతారు. పట్టించుకోకపోతే అంటుకు కిందనుంచి వేరుమూలం కొమ్మలు లేచి, పైదాని బలమంతా లాగేస్తాయి. నేల నుంచి జానెడు, మూరెడు ఎత్తులో మాను మీద అంటుకట్టిన చోట చిన్న వంపో, లావో కనిపిస్తుంది. దానికి కింద పుట్టిన కొమ్మలన్నీ మానుకు ఆనించి కోయాలి. ఇది ఇప్పుడే చేయవచ్చు. కోసిన చోట బోర్డో పేస్టు రాయండి: వంద గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), వంద గ్రాముల సున్నం విడివిడిగా నీళ్లలో కరిగించి, మొత్తం లీటరు అయ్యేలా కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుప పాత్ర పనికిరాదు. ఆ ఆకుల మీద పిట్ట రెట్టలా మచ్చలున్న చిన్న పురుగులు కనిపిస్తే అవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. పెద్దయ్యాక పచ్చబడతాయి, కదిపితే తల దగ్గర ఎర్రటి కొమ్ములు బయటపెట్టి ఘాటు వాసన వదులుతాయి. నాలుగైదు ఉంటే చేత్తో ఏరేస్తే చాలు, మందు కొట్టక్కరలేదు. కరివేపాకు మీదా ఇవే ఉంటాయి.

కరివేపాకు పసుపుబారిందని రాశారు. ఏ ఆకు పసుపుబారిందో చూడండి, మందు దాన్ని బట్టి మారుతుంది. కింది ముదురాకు మొత్తంగా పాలిపోతే నత్రజని చాలక, పశువుల ఎరువు వేస్తే సరిపోతుంది. పై లేతాకు పసుపై, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలిస్తే అది ఇనుము లోపం. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో సున్నం పాలు ఎక్కువ. నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. పిడికెడు మట్టి మీద నిమ్మరసం పిండి చూడండి, బుసబుసమని నురగ వస్తే సున్నపు నేల. అలాంటి చోట లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట ఆకులు తడిసేలా చల్లండి. పదిరోజుల తేడాతో రెండు మూడు సార్లు చల్లితే లేతాకు ఆకుపచ్చబడుతుంది. చల్లిన తర్వాత కొన్నాళ్లు ఆ ఆకు వంటకు కోయవద్దు. పులిసిన మజ్జిగ పోయమని అందరూ చెబుతారు. పోస్తే తప్పులేదు, కాని ఈనెలు మిగిలి ఆకు పసుపైన చెట్టుకు మజ్జిగ ఒక్కటే సరిపోయిందని నేను చెప్పలేను.

మామిడికి ఇప్పుడు కాయ ఉంటుంది కాబట్టి రకం తేల్చుకోవడానికి మంచి అదను. కోలగా, పెద్దగా, తొక్క నున్నగా పలచగా ఉండి, పండితే పీచు లేకుండా కోసుకు తినేదైతే బంగినపల్లి. పీచుతో, పిండుకుని జుర్రుకునేదైతే రసం. కొమ్మల్లో వేరే రకం ఆకుల గుబురు ఉందన్నారు కదా, అది బదనిక. దళసరి ఆకులు, సన్నటి గొట్టాల్లాంటి పూలు ఉంటాయి. పిట్టలు జిగురు గింజలను కొమ్మకు రుద్దితే మొలిచి, మామిడి రసాన్నే తాగి బతుకుతుంది. బదనికను మాత్రమే పీకితే మళ్లీ వస్తుంది. అది పట్టుకున్న చోటుకు అడుగు కిందుగా, అంటే మాను వైపు, ఆ మామిడి కొమ్మనే కోయించాలి. ఇప్పుడు కాదు, కాయ దిగాక జూన్, జులైలో. మాను మీద రంధ్రం, దాని కింద రంపపు పొట్టు రాలి ఉంటే కాండం తొలిచే పురుగు ఉన్నట్టు. సన్నటి తీగ దూర్చి పురుగును లాగి, పెట్రోలు తడిపిన దూది కుక్కి, బంకమట్టితో మూయించండి. దీనికి మాత్రం ఆగవద్దు.

కొబ్బరాకుల అడుగున తెల్లటి చుట్టలు, కింది ఆకుల మీద నల్లటి మసి కనిపిస్తోందన్నారు. అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించి, తర్వాత కోస్తా అంతా పాకింది. జామ మీదా ఉంటుంది. ఘాటు మందులు కొడితే దాన్ని తినే మిత్రపురుగులు ముందు చస్తాయి. అందినంత వరకు గొట్టంతో గట్టిగా నీళ్లు కొట్టండి, అందే ఆకులకు వేపనూనె చల్లండి. చూడ్డానికి భయపెడుతుంది గాని దానివల్ల కొబ్బరిచెట్టు చచ్చిపోదు. మొవ్వాకు, అంటే నడినెత్తిన వచ్చే కొత్తాకు, విప్పారినప్పుడు కత్తిరించినట్టు కోణాలుగా ఉంటే అది కొమ్ముపురుగు పని, దానికి దింపు ఆయనకు చెప్పి మొవ్వు శుభ్రం చేయించాలి.

వెంటనే తీయాల్సినవి మీరు అడిగారు కదా:

- వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు, చిన్న తెల్లపూలు. చేతులకు తొడుగులు వేసుకుని, పూతకు ముందే వేళ్లతో పీకించండి. కొందరికి తాకితేనే దద్దుర్లు వస్తాయి.
- గోడల్లో, డాబా పగుళ్లలో మొలిచిన రావి, మర్రి మొలకలు. ఇప్పుడు చేత్తో వస్తాయి, ఇంకొన్నేళ్లకు గోడ కూల్చాల్సి వస్తుంది. మనసొప్పకపోతే తీసి గుడి ఆవరణలోనో చెరువు గట్టునో నాటించండి.
- ఇంటి మీదికి వాలిన ఎండు కొమ్మలు, వేలాడే కొబ్బరి మట్టలు. కరెంటు తీగలకు తగిలేవాటికి లైన్‌మన్‌ను పిలిచి సరఫరా ఆపించాకే చేయి పెట్టనివ్వండి.

కలుపుమందు కొట్టిస్తామంటే ఒప్పుకోకండి. దేని మీద పడుతుందో మీకే తెలియని పెరట్లో అది అన్నింటికంటే ప్రమాదం. ఆకుల గుట్టల్లో పాములుంటాయి, బూట్లు లేకుండా వెళ్లవద్దు. పెద్ద చెట్టు ఏదైనా కొట్టాలని తర్వాత నిర్ణయించుకుంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద ముందు అనుమతి తీసుకోవాలి. బేరం మాట్లాడే ఆయన ఈ మాట మీకు చెప్పి ఉండరు.

ఇక నీళ్లు. వారానికి ఒకసారి వచ్చేవారికి పెద్ద చెట్లు ఇబ్బంది కాదు. మాను మొదట్లో కాకుండా, మిట్టమధ్యాహ్నం కొమ్మల నీడ ఎక్కడిదాకా పడుతుందో ఆ అంచున పాదు తీయించండి. పీల్చే వేర్లు అక్కడే ఎక్కువ. వారానికి ఒకసారి నేల లోతుగా నానేలా పెట్టి, పైన ఎండుటాకు అరడుగు మందాన పరవండి. రాలిన ఆకును ఊడ్చి తగలబెట్టించే అలవాటు ఉంటే మానిపించండి. నల్లరేగడి ఎండకు నెర్రెలు విచ్చి వేర్లను తెంపుతుంది, ఆకు పరిస్తే ఆ నెర్రెలు తగ్గుతాయి. తులసి, మల్లె, కుండీలు మాత్రం వారం ఆగలేవు. వాటికి పక్కింటివాళ్ల సాయమో, టైమరుతో డ్రిప్పో ఏర్పాటు చేసుకోండి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కుండీలకు పోయకండి.

ఇదే నల్లరేగడి వానాకాలంలో నీటిని వదలదు. జూన్‌కు ముందే నీరు బయటికి పోయే కాలువ ఒకటి తీయించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు మునిగినప్పుడు, ఆ తర్వాత చాలా పెరళ్లు చూశాను. బొప్పాయిలు ముందు పోయాయి, నిమ్మజాతి ఆ తర్వాత. కొబ్బరి, నేరేడు నిలబడ్డాయి. మీ బత్తాయి మాను చుట్టూ మట్టి ఎగదోసి, నీరు మానుకు తగలకుండా చేయండి.

అక్టోబరు నుంచి మామిడికి నీళ్లు ఆపేయండి, పూత వచ్చి పిందె నిలిచేదాకా మళ్లీ పెట్టవద్దు. మల్లెకు కూడా చలికాలంలో నీరు ఆపి, డిసెంబరు, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాత ఎరువు వేసి నీళ్లు పెడితే వేసవికి విరగబూస్తుంది. మైలవరం వైపు మల్లె రైతులూ ఇలాగే చేస్తారు. మీ పెరట్లో మల్లె, జాజి రెండూ ఉన్నట్టున్నాయి. ఒంటి ఆకు, గుండ్రంగా ఉంటే మల్లె. ఒకే కాడకు చిన్న చిన్న ఆకులు జతలుగా ఉంటే జాజి. మిగతావాటికి ఎరువు ఏదైనా వానలు మొదలయ్యాకే వేయండి, ఈ ఎండల్లో వద్దు. అవకాశం ఉంటే మట్టి పరీక్ష చేయించండి. లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) మీకు దగ్గరే, ఎక్కడ చేస్తారో అక్కడ అడిగితే చెబుతారు.

మీరు రాసినవాటిలో రెండింటిని నేను పోల్చలేకపోయాను: వంటింటి కిటికీ కింది పొద, వెనక గోడ మీది సన్నటి తీగ. పొద ఆకును నలిపి వాసన చూసి రాయండి. తర్వాత ఆ ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి, లోపల సూదిమొనంత వెలుతురు చుక్కలు కనిపిస్తే నిమ్మ, కరివేపాకు కుటుంబానిది. తీగకు మాత్రం పువ్వు కావాలి. శ్రావణ భాద్రపదాల్లో పూస్తే పువ్వు, ఆకు వెనకవైపు, కాడ ఫోటోలు తీసి పెట్టండి, చూసి చెబుతాను.